ఎర్ర తువ్వాలు ఎలుగుబంటి

ఆదివారం రాత్రి

చిన్నప్పుడు నేను చూసిన ఎలుగుబంటి బొమ్మల సినిమా ఇవాళ పిల్లలకి పెట్టాను. నాన్న ఎలుగు మంచులో పడి వెళ్లిపోగానే చిన్నాడు ఏడుపు లంకించుకున్నాడు.

"ఆఖర్న వచ్చేస్తాడురా, చూస్తూ ఉండు," అన్నాను. నాకు బాగా గుర్తు. నెత్తి మీద పెట్టె, మెళ్లో ఎర్ర తువ్వాలు.

సినిమా అయిపోయింది. నాన్న ఎలుగు రాలేదు.

"అబద్ధం చెప్పేవమ్మా," అంది పెద్దది. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. ఆ సీనే లేదు. తోచక అమలాపురంలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను.

"ఆ రోజు సగంలో కరెంటు పోయిందే పిచ్చిదానా! మీ నాన్నగారేమో మస్కట్‌లో ఉన్నారు, నువ్వేమో ఒకటే ఏడుపు. మిగతా కథ నేనే అల్లి చెప్పేను."

అంటే నేను చూడనే లేదా? మరి ఆ తువ్వాలు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఎలా కనిపిస్తోంది?

పడుకోబోతూ చిన్నాడు అడిగాడు. "నాన్న వేసవిలో కువైట్ నించి వస్తారని నీకెవరు చెప్పేరమ్మా?"

ఆయనే చెప్పారు, ఫోన్లో. చెప్పారనే నా గుర్తు.