నాన్న మూతి

హాలీవుడ్, మార్చి 9, 1938

అమ్మా,

నాన్న ప్రాణానికి భయం లేదు, ముందు అది నమ్ము. మంగళవారం ఆ హాస్యచిత్రం షూటింగులో, బట్లరు వేషంలో పళ్లెం తెస్తుండగా పక్షవాతం వచ్చి మూతి పక్కకు లాగేసింది. కొత్త చేష్ట అనుకుని అందరూ విరగబడి నవ్వారు. "అదిరిందయ్యా కాలహన్! అలాగే ఇంకోసారి!" అన్నాడు డైరెక్టరు. నాన్న ఇంకోసారి నడవబోయి పడిపోయారు.

ఆస్పత్రిలో మాట ముద్దగా వస్తోంది. "నవ్వార్టే విన్నీ?" అన్నారు.

"పొట్టలు చెక్కలయ్యేలా, నాన్నా."

"మరి ఆ ముక్క సినిమాలో ఉంచుతారా?"

ఉంచుతారన్నాను.

తమ్ముడు డెక్లన్‌కి దగ్గు తగ్గిందా? వాణ్ణి పిన్ని దగ్గర వదిలి శనివారం రైలుకి బయల్దేరు. జపమాల, ఉన్ని చొక్కా తీసుకురా. ఎవరైనా కంటతడి పెడితే ఆయన గోడవైపు తిరిగిపోతున్నారు. నువ్వు ఆయన్ని చూడగానే ఒక్కసారి నవ్వు. నాకు చేతకాలేదు.

మేరీమాత మీకు తోడుండాలి.

విన్నీ