కాడ తుంచి చూడలేదు

జూన్ 29

పెట్టె కింద నుంచి శ్రావణి రికార్డు బయటికి తీశాను. పది నెలలైంది బిడ్డ పోయి. అట్టల కట్ట మీద దుమ్ము.

డిగ్రీ కాలేజీ మేడం ఫోన్ చేసింది. "ఆ మొక్కల రికార్డు మా దగ్గర పెట్టుకుంటమమ్మా, కొత్త పిల్లలకు చూపిస్తం. మీకు ఇష్టమైతేనే..." సరే అన్నాను. ఇష్టం ఏదో, కానిది ఏదో ఇప్పుడు తెలియడం లేదు.

తుమ్మి పువ్వు గోధుమ రంగుకు తిరిగింది. ముట్టుకుంటే పొడి అయ్యేటట్టుంది. ముట్టుకోలేదు.

జూన్ 30

ఒళ్లు లేవలేదు. అన్నం వండాను. అంతే.

జూలై 2

ఒక్కో అట్ట మీద ఒక్క ఎండిన మొక్క. కింద బిడ్డ రాత. తెలుగు పేరు, నాకు నోరు తిరగని ఇంకో పేరు, ఎక్కడ దొరికింది, దేనికి వాడతారు. అన్నింటి కిందా ఒకటే లైను — "చెప్పినవారు: మా అవ్వ." అమ్మనైన నన్ను అవ్వ అనే పిలిచేది.

నేను చదివింది ఐదో తరగతి. నా మాట కాలేజీ పుస్తకంలోకి ఎక్కిందని అప్పుడు ఎంత మురిశానో...

ఉత్తరేణి, పండ్లు తోముకునే పుల్ల. వావిలాకు, బాలింత స్నానానికి. గడ్డిచేమంతి, దెబ్బ తాకితే నలిపి పెట్టేది. తంగేడు దగ్గర బతుకమ్మ అని రాసి పక్కన చిన్న బొమ్మ వేసింది. మేడం ఎర్ర పెన్నుతో బొమ్మను కొట్టేసింది. నవ్వొచ్చింది. సగంలో ఆగింది.

చివరి నుంచి నాలుగో అట్ట నేల ఉసిరి. "పచ్చకామెర్లకు పసరు తాగిస్తారు. చెప్పినవారు: మా అవ్వ."

కట్ట మూసేశాను.

జూలై 5

పక్క క్వార్టర్ రాజవ్వక్క వచ్చింది. కోడలు సునీతకు కండ్లు పచ్చబడ్డాయట. మూడు రోజులుగా అన్నం పోవడం లేదట.

"జర పసరు తెంపియ్యి చెల్లె. గీ క్వార్టర్ల లైన్ల ఆకు ఎరిగినోళ్లు నువ్వు గాక ఎవలున్నరు?"

"నేనియ్య అక్కా. దవాఖానకు తీస్కపో."

"నీ బిడ్డకు ఇస్తివి. నా కోడలికి ఇయ్యవా?"

అన్నాక తనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఆమె పోయాక కూడా ఏరుతూనే ఉన్నాను. రాళ్లు ఎప్పుడో అయిపోయాయి.

జూలై 6

మా ఆయన బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పుతూ — "రాజవ్వ మొకం మాడ్చుకున్నది. ఇస్తే ఏం పోతది, ఆకే గదా."

చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్లు పెట్టాను.

మళ్లీ తనే, "వద్దులే" అన్నాడు. బొగ్గు పట్టిన చేతులు అట్లనే పెట్టుకుని కూర్చున్నాడు.

జూలై 7, ఆదివారం

పసరు ఆకు ఆదివారమే తెంపాలి. పొద్దు పొడవకముందు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, నూరేటప్పుడు ఎవరితోనూ మాట్లాడొద్దు. మాట్లాడితే మందు చెడుతుంది. మా అమ్మమ్మ చెప్పింది. నేనే ఈ లైన్‌లో అందరికీ చెప్పాను.

తెల్లారకముందు కిటికీలోంచి చూస్తే రాజవ్వక్క. కొంగు నెత్తిన కప్పుకుని, ఆకు మొలిచే క్వార్టర్ల గోడ వెనక్కి పోతోంది. పిలిస్తే పలకదు. ఎందుకు పలకదో నాకు తెలుసు. పిలవలేదు... పిలవాల్సింది.

ఎండ వచ్చాక కాళ్లు ఆగలేదు. వాళ్లింటికి పోయాను. అప్పటికే తాగించింది. రోలు పక్కన మిగిలిన మొక్కలు తడితడిగా ఉన్నాయి. ఒకటి తీసి కాడ తుంచాను. తెల్లగా పాలు. ఇంకోటి తుంచాను. అదీ పాలే. నేల ఉసిరికి పాలు రావు. ఆకుల కింద ఆవగింజలంత కాయలు వరుసగా ఉంటాయి. వీటికి అవి లేవు.

"అక్కా, ఇది నానబాలు. నేల ఉసిరి గాదు."

"అయ్యో! అచ్చం అట్లనే ఉన్నది గదనే!"

"చీకట్ల అట్లనే ఉంటది."

లోపల సునీత కక్కుతోంది.

"నడువు. చెప్పులేసుకో."

"ఐతారం డాక్టర్ ఉంటడా?"

"లేకుంటే వచ్చేదాక కూసుందాం."

మంచిర్యాల దాకా ఆటోలో సునీత తల నా భుజం మీదనే. ఒళ్లు కాలుతోంది. నేను ఆ పిల్ల మొహం చూడలేదు, రోడ్డు చూశాను.

డాక్టర్ అడిగాడు, "ఏం తాగించిండ్రు?" రాజవ్వక్క నా దిక్కు చూసింది. నేనే చెప్పాను. చేర్చుకున్నారు.

జూలై 8

కరెంటు లేదు. సునీత సంగతి ఏమీ తెలియలేదు.

జూలై 9

ఇవాళ రాయాలి.

పోయినేడు శ్రావణికి ఆకు తెంపిన ఆదివారం ముసురు. గోడ వెనక బూడిద రంగు చీకటి. చేతికి అందినవన్నీ పెరికి ఒళ్లో వేసుకున్నాను. ఇంట్లోకి రాగానే మంచం మీద నుంచి శ్రావణి, "తెచ్చినవా అవ్వా? చూపియ్యి, నేను చూస్త" అన్నది.

నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. మాట్లాడొద్దని.

చూపించలేదు. రోట్లో వేసి నూరాను. బిడ్డ కండ్లు మూసుకుని తాగింది. పథ్యం మజ్జిగన్నం, ఉప్పు లేకుండా. రెండు ఆదివారాలు తాగించాను. మూడో ఆదివారం రాలేదు.

"ఇన్ని రోజులు ఏం చేసిండ్రమ్మా?" అన్నాడు అప్పటి డాక్టర్. ఆకు గురించి ఏమీ అనలేదు. ఆలస్యం అన్నాడు.

జూలై 10

వాన ఆగింది. పట్టపగలు గోడ వెనక్కి పోయి కూర్చున్నాను. ఒక్కొక్క కాడ తుంచాను. పాలు లేవు. పాలు. లేవు. లేవు. పాలు... రెండూ ఒక్క దగ్గరే, ఒకదాంట్లో ఒకటి.

అట్ట తెచ్చి చూశాను. శ్రావణి అతికించింది నేల ఉసిరే. ఆకుల కింద కాయలు ఒక్కటీ రాలలేదు. దొరికిన చోటు: మా క్వార్టర్ వెనక గోడ.

బిడ్డకు తెలుసు. అడిగింది.

జూలై 11

సునీతకు పొద్దున రెండు ముద్దలు పోయాయట. కండ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయట. "ఇంకో నాలుగు రోజులు ఉంచుతరట చెల్లె" అని రాజవ్వక్క ఫోన్‌లో. ఇంకేమో అనబోయి పెట్టేసింది.

రేపు మేడం వస్తుంది.

నేల ఉసిరి అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "మా అవ్వ" అన్నది కొట్టేద్దామని పెన్ను ఆనించాను. బిడ్డ రాత మీద చెయ్యి పోలేదు. దాని కింద జాగా ఉంది. నా వంకర రాతతో రాశాను — వెలుతురులో తెంపాలి. కాడ తుంచి చూడాలి. పాలు వస్తే ఇది కాదు. ఎరిగినవాళ్లకు చూపించాలి, నోరు తెరిచి అడగాలి. కండ్లు పచ్చబడితే ముందు దవాఖాన.

"చెప్పినవారు" అని పెట్టి ఆగాను.

అక్కడ ఎవరి పేరు రాయాలో... మా ఆయన అన్నానికి పిలుస్తున్నాడు. కట్ట కట్టాను. ఈ అట్ట ఇంకా బయటనే ఉంది.