బుజ్జమ్మ వయసు ఎవరు తగ్గించారు?

అమ్మడూ,

బాబాయి దీవెనలు. నువ్వు బాగానే ఉన్నావని మీ నాన్న చెప్పాడు కాబట్టి ఆ సంగతి అడగను. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

ఈ జూలో ఇరవై రెండేళ్లుగా నీటిగుర్రాన్ని సాకుతున్నాను. మా బుజ్జమ్మ ఏం తిన్నదో, ఏం వదిలేసిందో రోజూ కంప్యూటర్లో ఎక్కించేది నేనే. సోమవారం నుంచి ఆ పెట్టె 'చూడ్డానికి మాత్రమే' అంటోంది. చూడ్డానికి నాకు బుజ్జమ్మే ఎదురుగా ఉంది కదా! హెడ్డాఫీసులో ఈ అనుమతులన్నీ నీ చేతిలోనే ఉన్నాయట. సొంత బాబాయికే తాళం వేస్తావా?

అసలే నలభై దాటిన జంతువుల్ని దూరంగా విశ్రాంతి కేంద్రానికి పంపేస్తారట. దీనికి నలభై ఒకటి. వచ్చే నెల తీసుకుపోతారేమోనని అన్నం సయించడం లేదు.

ఇట్లు,
బాబాయి

తా.క.: పోయినసారి ఫోన్లో తిడుతుంటే కట్ చేశావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక ఏం చేస్తావు?

*

బాబాయికి నమస్కారాలు.

చివరిదాకా చదివాను. కోప్పడకు, తాళం వేయక తప్పలేదు. డేటాబేసులో ఏది మార్చినా ఎవరు, ఎప్పుడు, ఏమని మార్చారో ఆడిట్ రాసి పెట్టుకుంటుంది. ఈ నెల్లో బుజ్జమ్మ వయసు మూడుసార్లు మారింది. ముందు ముప్ఫై తొమ్మిది, తర్వాత ముప్ఫై అయిదు, ఆఖరికి ఇరవై. మూడుసార్లూ నీ లాగిన్‌తోనే!

శుక్రవారం మీ డైరెక్టరు గారికి రిపోర్టు ఇవ్వాలి. నువ్వే మార్చావని తేలితే నిన్ను బుజ్జమ్మ దగ్గర్నుంచి తీసేస్తారు. నిజం చెప్పు బాబాయ్.

నీ అమ్మడు

తా.క.: బుజ్జమ్మ కూతురికి ఇరవై మూడేళ్లు. రికార్డు ప్రకారం ఇప్పుడు తల్లి కన్నా కూతురే మూడేళ్లు పెద్దది.

*

అమ్మడూ,

బుజ్జమ్మ మీద ఒట్టు, నేను మార్చలేదు. మార్చాలని బుద్ధి పుట్టని మాట నిజమే, పుట్టి ఉంటే మార్చేవాణ్ణేమో.

నా పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. 'రావేబుజ్జమ్మా' అని పెట్టుకున్నాను. రోజూ రెండు పూటలా మేత వేసేటప్పుడు గొంతెత్తి అరిచేది అదే కాబట్టి మరిచిపోయే పని లేదు. అరిస్తే గేటు దాకా వినిపిస్తుంది. వింటే విన్నారు, అది నా పాస్‌వర్డని వాళ్లకెలా తెలుస్తుంది? ఎవరైనా అడిగితే తప్ప చెప్పను.

నన్ను దీని దగ్గర్నుంచి తీసేస్తే బతకలేనే తల్లీ.

బాబాయి

తా.క.: మీ ఆడిట్ గారిని ఒకసారి పంపు, ఎదురుగానే చెబుతాను. పొద్దుట్నుంచి కుర్చీ వేయించి, టీ కూడా తెప్పించి ఎదురుచూస్తున్నాను. ఆయన రాలేదు, టీ నేనే తాగేశాను.

*

బాబాయికి,

ఆడిట్ మనిషి కాదు, కంప్యూటర్లో ఉండే చిట్టా. కుర్చీ తీయించెయ్. ఊరంతా వినేలా అరిచే పాస్‌వర్డ్ ఎక్కడైనా ఉంటుందా? నీ ఉత్తరం చూసి తల పట్టుకుని, ఆ మూడు మార్పులూ ఏ కంప్యూటరు నుంచి జరిగాయో మళ్లీ చూశాను. మూడూ మీ డైరెక్టరు గారి గదిలోంచే!

శుక్రవారం రిపోర్టు పట్టుకుని వెళ్లాను. నీ పేరు చూడగానే ఆయన మొహం చిన్నబోయింది. "అయ్యో, ఆయన పేరు పడుతుందా? మార్చింది నేనమ్మా" అన్నారు. బుజ్జమ్మ రికార్డు నీ లాగిన్‌తోనే తెరుచుకుంటుంది కాబట్టి, రోజూ వినిపించే నీ కేకనే పాస్‌వర్డుగా కొట్టి చూశారట. కిటికీ తెరవగానే బుజ్జమ్మ ఆవలిస్తూ కనిపిస్తుందట. పదకొండేళ్లుగా అది చూశాకే ఫైలు ముట్టుకుంటున్నారట. "మరి ఇరవై దాకా ఎందుకు తగ్గించారు సార్?" అన్నాను. "ఎందుకైనా మంచిదని" అన్నారు.

నిబంధన మొత్తం చదివి వినిపించాను. ఆరోగ్యంగా ఉందని డాక్టరు రాసిస్తే, డైరెక్టరు సంతకంతో ఉన్నచోటే ఉంచుకోవచ్చు. రెండో పేజీలో ఉంది, ఎవరూ తిప్పలేదు. సాయంత్రానికి రెండూ అయిపోయాయి. బుజ్జమ్మ ఎక్కడికీ వెళ్లదు. వయసు నలభై ఒకటని మళ్లీ ఎక్కించాను. నీకు కొత్త లాగిన్ ఇస్తున్నాను, మేత వివరాలు నువ్వే రాసుకో. పాస్‌వర్డ్ మాత్రం మనసులోనే అనుకో.

నీ అమ్మడు

తా.క.: మేత వేసేటప్పుడు ఒక్కసారి తననీ కంచె లోపలికి రానిస్తావేమో అడగమన్నారు డైరెక్టరు గారు. నేరుగా అడగడానికి ఆయనకి మొహమాటంగా ఉందట. ఆ అనుమతి నా చేతిలో లేదు బాబాయ్, నువ్వే ఇవ్వాలి.