తాడు మీద చెయ్యి

అల్లుడు ధర్మేంద్రకి,

నువ్వు పంపిన పేపరు ముక్క అందింది. కసరత్తు చేయకుండానే కండ పట్టించే మాత్ర ఎలుకలకు పనిచేసిందట. సంతోషం. మా ఇంట్లో ఎలుకలు ఏ మాత్రా లేకుండానే బలిశాయి. మందుల షాపులో కూర్చుని ఇవేనా నువ్వు చదివేది?

కిడ్నీలు పోయి డయాలసిస్ మొదలైన రెండేళ్లలో నా చేతులు పుల్లలయ్యాయి. మన ఒడ్డున వల తాడు పట్టిన ప్రతివాడికీ వాటా ఉంటుంది కదా. మొన్న కుర్రాళ్లు, "మావా, ఊరికే సెయ్యెయ్యి, సాలు" అన్నారు. వేశాను. వాళ్లు లాగారు, నా బుట్టలోనూ చేపలు పోశారు. లాగకుండానే లాగినట్టు! నీ మాత్రా అంతే. ఆ చేపలు కాకులకు పారేశాను.

అయినా ఆ మాత్ర మనుషులకు వచ్చిన రోజున పేపరు పంపకు, మాత్ర పంపు. చేతుల్లో కండ ఉంటే నా వాటా నేనే లాగి తెచ్చుకుంటాను.

మీ మావ