తొమ్మిదో ప్రశ్నకి నాలుగు

సర్వే మేడమ్ గారికి,

నేను పాత ఇనప కొట్టులో పనిచేసే అబ్బాయిని. మొన్న ఆసుపత్రి మెట్ల మీద మీరు దిగులు కొలిచే కాగితం ఇచ్చారు కదా, అమ్మకి చదవడం రాదంటే నువ్వే అడిగి రాయమన్నారు. రాశా. పదిహేను ప్రశ్నలకీ అంకెలు వేసి ఫొటో పంపా. సున్నా అంటే అస్సలు లేదు, నాలుగు అంటే ఎప్పుడూ, అంతేగా?

అన్న పోయి నాలుగు నెలలైంది. అమ్మ ఇస్త్రీ షాపుకి వెళ్తుంది, వస్తుంది, అంతే. ఇంట్లో మాటల్లేవు. రెండుసార్లు అడిగి రాస్తే రెండుసార్లూ మొత్తం ముప్ఫై దాటితే పెద్ద డాక్టరుగారు డబ్బుల్లేకుండా చూస్తారన్నారు, ఒక్క సీటే మిగిలిందన్నారు. అది అమ్మకి రావాలి.

ఫోన్ చేయకండి, నాకు సరిగ్గా మాట్లాడ్డం రాదు. మెసేజే పెట్టండి.

ఇట్లు,
మెట్ల మీద మీరు మంచినీళ్ళిచ్చిన అబ్బాయి

తా.క. మూడోది నిద్ర బాగా పడుతోందా అని, పద్నాలుగోది నిద్ర పట్టడం లేదా అని ఉంది. అచ్చు వేసే ముందు మీ ఆఫీసులో ఒక్కరైనా చదువుకోరా?

*

తమ్ముడికి,

మేడమ్ వద్దు, అక్కా అను. మొత్తం నలభై ఏడు వచ్చింది.

నిద్ర గురించి రెండుసార్లు అడగడం పొరపాటు కాదు. మనిషి ఆలోచించి చెబుతున్నాడా, నోటికొచ్చింది చెబుతున్నాడా తెలియడానికి తిప్పి అడుగుతాం. మీ అమ్మగారు రెండుచోట్లా ఒకే మాట మీదున్నారు. రెండు వారాలయ్యాక మళ్ళీ అడుగు. పాత అంకెలు చూడకు. మనిషి మారనప్పుడు అంకె కూడా మారకూడదు. అలా వస్తేనే మా కాగితాన్ని నమ్మొచ్చు.

మరి ఉంటాను,
సర్వే అక్క

తా.క. ఈ ప్రశ్నలు తయారుచేయడానికి మా సారుకి ఆరేళ్ళు పట్టింది. నువ్వన్న మాట ఆయనకి చెప్పలేదు.

*

అక్కకి,

రెండోసారిది పంపా. చూసి రాయలేదు, ఒట్టు.

ఒక డౌటు. మళ్ళీ మళ్ళీ ఒకేలా వస్తే నమ్మొచ్చా? మా కొట్టులో కాటా పొద్దున చూసినా సాయంత్రం చూసినా కిలోకి వంద గ్రాములు తక్కువే చూపిస్తుంది. ఒక్కరోజు మాట తప్పదు. మా షావుకారు దగ్గరుండి అలా చేయించాడు.

సీటు ఇంకా ఉందా?

ఇట్లు,
కొట్టు అబ్బాయి

తా.క. కాటా సంగతి ఎక్కడా అనకండి. ఆయన నన్ను కూడా తుక్కులో తూచి అమ్మేస్తాడు.

*

తమ్ముడికి,

నువ్వు కాటా గురించి చెప్పిన ముక్క మాకు కాలేజీలో ఏడాదంతా పాఠంగా చెప్పారు. రోజూ ఒకేలా చూపించడం వేరు, ఉన్నదున్నట్టు చూపించడం వేరు. కానీ మీది మళ్ళీ నలభై ఏడే! ఒక్క అంకె తేడా లేదు. సారు మీటింగులో గోడ మీద వేసి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక ఒకాయన తొమ్మిదోది చూపించి, "ఇదేంటి?" అన్నాడు. 'జరిగినదానికి నేనే కారణం.' రెండుసార్లూ నాలుగు. మీ అన్న ఎలా పోయాడు? అమ్మగారు ఏం చేశారు? ఇలాంటి జవాబు వస్తే ఇంటికి మనుషుల్ని పంపాలని రూలు. గురువారం ఇద్దరు వస్తారు.

మరి ఉంటాను,
అక్క

తా.క. కుర్చీలు గట్టివి వెయ్యి. ఒకాయన బాగా లావు.

*

అక్కా అక్కా,

అమ్మ ఏం చేయలేదు. అన్న మా కొట్టులోనే పోయాడు. గ్యాసు మంటతో పాత డ్రమ్ము కోస్తుంటే పేలింది. అమ్మ అప్పుడు షాపులో ఎవరి ప్యాంటో ఇస్త్రీ చేస్తోంది. అమ్మకీ డ్రమ్ముకీ ఏంటి సంబంధం?

తొమ్మిదోది సున్నా చేసేయండి. మిగతావి అలాగే ఉంచండి. మనుషుల్ని పంపకండి, దండం పెడతా.

ఇట్లు,
అబ్బాయి

తా.క. మా ఇంట్లో ఉన్నది ఒక్క కుర్చీ. దానికీ మూడు కాళ్ళే.

*

తమ్ముడికి,

జవాబు దిద్దితే కాగితం చెల్లదు, సీటు పోతుంది. అందుకని ఇవాళ నేనే ఇస్త్రీ షాపుకెళ్ళి అమ్మగారిని అడిగా. పదకొండు వచ్చింది. నిద్ర పడుతోందట. తింటోందట. నువ్వు కంచంలో వదిలేసింది కూడా తనే తింటోందట. "ఇవన్నీ మావాడు నన్నెప్పుడు అడిగాడమ్మా?" అంది.

మరి ఆ నలభై ఏడు ఎవరిది?

అక్క

తా.క. కొట్టిన చప్పట్లు వెనక్కి ఎలా తీసుకోవాలో తెలీక సారు గది తలుపేసుకున్నారు.

*

అక్కకి,

నాదే.

అడుగుదామనే వెళ్ళా. ఇస్త్రీ బల్ల పక్కన నిలబడ్డా. "ఏంట్రా?" అంది. "ఏం లేదు" అన్నా. రెండోసారీ అంతే. అన్నం తింటున్నావా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అమ్మని ఎలా అడుగుతారు? సందులో కూర్చుని నాకు ఎలా ఉందో అదే రాసేశా. ఒకింట్లో వాళ్ళమే కదా, ఇద్దరికీ ఒకటే ఉంటుందనుకున్నా.

ఆ డ్రమ్ము అన్న దగ్గరికి దొర్లించింది నేను. "ఖాళీయేనా?" అన్నాడు. ఖాళీయే అన్నా. మూత తీసి చూడలేదు.

అమ్మకి చెప్పకండి. సీటు ఇవ్వకపోయినా పర్లేదు.

అబ్బాయి

తా.క. నిద్ర ప్రశ్నకి రెండుచోట్లా నిజమే రాశా.

*

తమ్ముడికి,

మా కాగితం సరిగ్గానే కొలిచింది. ఎవరిని కొలుస్తోందో మేమే చూసుకోలేదు. తప్పు నాది. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా ఒక్కమాట అడగలేదు. సీటు నీ పేరు మీద రాయించా. గురువారం వచ్చేవాళ్ళు నీకోసమే వస్తారు. ఈలోగా నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా, ఏ వేళైనా మెసేజ్ పెట్టు. నేను వస్తా.

అమ్మగారి జవాబులు నీకు చూపించే హక్కు నాకు లేదు. కానీ తొమ్మిదోది ఒక్కటీ నువ్వే వెళ్ళి అడుగు. మిగతా పద్నాలుగూ వద్దు.

అక్క

తా.క. "ఏం లేదు" అని తిరిగొచ్చేయకు.

*

అక్కకి,

అడిగా. బల్లకి ఇవతల నిలబడి కాగితంలో ఉన్నట్టే చదివా. నాలుగు అంది.

ఆరోజు ఒంట్లో బాలేదని అన్న పడుకుంటే, దుప్పటి లాగి పనికి పంపింది తనేనంట. అది నేను చూశానని నాలుగు నెలల్నుంచి నా మొహం చూడలేకపోతోందంట. నేను చూడలేదక్కా. అప్పటికే కొట్టుకెళ్ళిపోయా. డ్రమ్ము సంగతి నేనూ చెప్పేశా. అమ్మ ఒక చెయ్యి ఇస్త్రీ పెట్టె మీద, ఒకటి నా తల మీద, అలాగే ఉండిపోయింది.

సీటు అమ్మకిమ్మని నేను, నాకిమ్మని అమ్మ. గురువారం మీ లావాయన ముందే తేల్చుకుంటాం.

ఇట్లు,
అమ్మ పక్కన కూర్చుని రాస్తున్న అబ్బాయి

తా.క. ఎవరిదో తెల్లచొక్కా మాడిపోయింది. వాసనొచ్చేదాకా ఇద్దరం చూసుకోలేదు.