ఆ చక్రాలు అమ్మొద్దు నాన్నా

నాన్నా, తుప్పుపట్టిన మన వ్యాను చక్రాలను పన్నెండో తారీకున పాత ఇనుముకు ఇచ్చేస్తున్నావని తెలిసి వెంటనే రాస్తున్నాను. నేను బాగున్నాను.

నిన్న నేను పనిచేసే బళ్ల మరమ్మతు షెడ్డులో అంతకన్నా అధ్వానమైన చక్రం తుప్పు నేనే గీకాను. సుత్తితో తడితే ఖంగుమంది, అంటే పగుళ్లు లేవు. రంగు వేసేముందు నట్లు బిగించే చోట్ల కాగితం అంటించాను.

"ముస్తాబు సగంలో ఆపావేం తల్లీ?" అని ఓ పెద్ద మెకానిక్ అంటే అందరూ నవ్వారు.

"అక్కడ రంగుంటే నలిగిపోయి నట్లు వదులవుతాయి బాబాయ్" అన్నాను.

మేస్త్రీ వంగి చూసి, "ఇకనుంచి చక్రాలన్నీ ఈ పిల్లకే ఇవ్వండి" అన్నాడు!

మన చక్రాలను లారీలో వేసి పంపు, కొత్తవాటిలా చేసిస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పోస్టుమాన్ మామయ్యా, మేస్త్రీ మాట అమ్మకు వినపడేలా ఇంకోసారి చదవండి. పదో తారీకులోగా నాన్న జవాబు రాసిపెట్టండి.