మీ మంచం కోయించాను, అత్తయ్యా

భవానీపురం, ఆదివారం. వంటయింది, బట్టలు ఆరేశాను, మావయ్యగారి పక్కబట్టలు మళ్లీ మార్చాను.

అత్తయ్యా, మీరు పోయాక ఆయన తన ఊగుడు కుర్చీలో తప్ప నిద్రపోవడం లేదు. మొన్న దాని కింది వంపు చెక్క విరిగింది. అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు, ముద్ద దిగడం లేదు. నాకూ ఓపిక అయిపోయింది.

"కొత్త చెక్క పగులుద్దమ్మా, పాత టేకేమన్నా ఉంటే ఇవ్వండి," అన్నాడు వడ్రంగి.

ఇంట్లో ఉన్న టేకు మీ మంచం ఒక్కటే. కోయమన్నాను.

సాయంత్రం కుర్చీలో కూర్చోబెడితే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "సుబ్బులూ, ఎక్కడికి పోయావే ఇన్నాళ్లూ?"

"ఇక్కడే ఉన్నానండీ," అన్నాను, మీలాగే. వెంటనే నిద్రపోయారు.

రేపు కూడా మిమ్మల్నే అడుగుతారు. రోజూ మీలా ఎలా పలకను అత్తయ్యా?

వడ్రంగి కూలి ఇచ్చేశాను. బాకీ లేదు.